ఫైర్‌ప్లేస్ మార్చాలనుకుంటే ముందు పొగగొట్టంలోకి చూడండి

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లకి చాలాసార్లు ఫ్యామిలీ రూమ్‌లో ఒక ఫైర్‌ప్లేస్ కూడా కలిసొస్తుంది. మొదటి చలికాలం సరదా కొద్దీ వెలిగిస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు దాని ముందు కుర్చీలేసుకుని చేతులు కాచుకుంటారు. గంట గడిచేసరికి మంటకి ఎదురుగా ఉన్న మోకాళ్లు కాలిపోతుంటాయి, వీపు మాత్రం వణుకుతుంటుంది. మేడ మీద పడగ్గదులు రోజూ కంటే చల్లగా ఉంటాయి. కింద ఫర్నేస్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇదేమీ భ్రమ కాదు. మంటకి గాలి కావాలి, ఆ గాలి గదిలోంచే వెళ్తుంది. వేడెక్కి తేలికైన పొగ గొట్టంలో పైకి లేస్తూ, కాలడానికి అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని తన వెంట లాక్కుపోతుంది. పోయిన గాలి స్థానంలోకి తలుపు సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి, గోడల్లోని ప్లగ్గుల వెనక నుంచి బయటి చలిగాలి దూరుతుంది. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ గంటకి 24,000 ఘనపుటడుగుల దాకా గాలిని బయటికి పంపేయగలదని అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. మీ ఇల్లు 2,000 చదరపుటడుగులు, సీలింగ్ 8 అడుగుల ఎత్తు అనుకోండి. ఇంట్లో ఉన్న గాలంతా కలిపితే 16,000 ఘనపుటడుగులు. అంటే మంట జోరుగా ఉన్నప్పుడు 40 నిమిషాలకోసారి ఇంట్లోని గాలి మొత్తం బయటికి పోయి, చల్లగాలి వచ్చి చేరగలదన్నమాట. ఆ పోయిన గాలిని వేడి చేసింది మీ ఫర్నేస్, బిల్లు కట్టింది మీరు.

మంట నుంచి గదిలోకి వచ్చేది సూటిగా ఒంటికి తగిలే సెగ మాత్రమే. కట్టెలో ఉన్న శక్తిలో అది పది శాతానికి అటూ ఇటూ ఉంటుంది, మిగతాదంతా ఆకాశానికే. మన ఊళ్లలో కట్టెల పొయ్యి దీనికి సరిగ్గా ఎదురు: వేడీ ఇంట్లోనే ఉండేది, పొగా ఇంట్లోనే ఉండేది. ఫైర్‌ప్లేస్ పొగని బయటికి పంపే పని బాగానే చేసింది కానీ, వేడిని కూడా దాంతోనే సాగనంపింది. ఆ రెంటినీ విడదీయడమే ఇన్సర్ట్ అనే పరికరం పని.

ఈ తిప్పలు కొత్తవేమీ కావు. 1740లలో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇదే తలనొప్పితో ఇనప పెట్టె లాంటి పొయ్యి ఒకటి తయారుచేశాడు. పేటెంట్ ఇస్తామన్నా వద్దన్నాడు. ఆలోచన మంచిదే, కానీ పొగని కిందికి తిప్పి పంపే ఆయన అమరిక సరిగ్గా లాగేది కాదు. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ రిట్టెన్‌హౌస్ లాంటి వాళ్లు దాన్ని సరిచేయాల్సి వచ్చింది. 1790లలో భౌతిక శాస్త్రవేత్త కౌంట్ రమ్‌ఫర్డ్ ఇంకో దారి పట్టాడు. పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడల్ని ఏటవాలుగా తిప్పి, పొగ వెళ్లే గొంతుని ఇరుకు చేశాడు. సెగ గదిలోకి ఎక్కువ వచ్చింది, గాలి తక్కువ పోయింది. ఈ ఇద్దరి కథలోనూ ఒకటి గమనించండి. మంట ఎలా మండుతుందన్న దానికంటే పొగ ఎలా పోతుందన్న దగ్గరే చిక్కంతా పడింది. ఇప్పుడు షోరూముకి వెళ్లి గాజు తలుపు, నల్ల రంగు, రిమోట్ చూసి ఇన్సర్ట్ ఎంచుకునే వాళ్లు సరిగ్గా ఈ సంగతే మర్చిపోతుంటారు.

ఇన్సర్ట్ లోపల ఏం జరుగుతుంది

ఇన్సర్ట్ అంటే పాత ఫైర్‌ప్లేస్ నోట్లో కూర్చోబెట్టే ఉక్కు లేదా పోత ఇనుము పెట్టె. ముందు గట్టిగా బిగిసే గాజు తలుపు, గాలి ఎంత లోపలికి రావాలో నిర్ణయించే ఒక మీట, చాలావాటిలో వేడిగాలిని గదిలోకి ఊదే చిన్న ఫ్యాను ఉంటాయి. గాలిని అదుపులో పెట్టడంతోనే సగం పని అయిపోతుంది. ఇంట్లోంచి గాలి కొల్లగా బయటికి పోవడం ఆగిపోతుంది.

మిగతా సగం రసాయనశాస్త్రం. కట్టె వేడెక్కగానే అందులోంచి వాయువులు బయటికొస్తాయి. కట్టెలోని శక్తిలో సగానికి పైగా ఆ వాయువుల్లోనే ఉంటుంది. తెరిచిన పొయ్యిలో అవి కాలకుండానే పైకి పోతాయి. మనం పొగ అని పిలిచేది చాలా మటుకు కాలని ఇంధనమే. అవి మండాలంటే సుమారు 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, సరైన చోట తాజా గాలి రెండూ కావాలి. ఇన్సర్ట్‌లో మంట గూడు చుట్టూ వేడిని పట్టి ఉంచే ఇటుకలు, పైన చిన్న చిన్న రంధ్రాలున్న గొట్టాలు ఉండేది ఇందుకే. ఆ రంధ్రాల దగ్గర పొగ మళ్లీ అంటుకుని నీలి నాలుకల్లా మండటం గాజులోంచి కనిపిస్తుంది. ఇంకో రకం మోడళ్లలో ఉత్ప్రేరకం పూసిన తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. దాని సాయంతో 500 డిగ్రీల దగ్గరే పొగ కాలడం మొదలవుతుంది. ఈ రకం చిన్న మంటతో రాత్రంతా నిలకడగా మండుతుంది, కానీ ఆ దిమ్మ కొన్నేళ్లకి పాడవుతుంది, కొత్తది వేయించాలి.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో కట్టెల స్టవ్‌ల మీద నిబంధనలు పెట్టింది, 2015లో వాటిని బిగించింది. 2020 మే నుంచి అమ్మే వాటిలో గంటకి 2 గ్రాములకు మించి మసి రేణువులు రాకూడదు. మామూలు కట్టెలతోనే పరీక్ష చేస్తే 2.5 గ్రాములు. కాబట్టి క్రెయిగ్స్‌లిస్ట్‌లో 1985 నాటి ఇన్సర్ట్ 200 డాలర్లకి దొరికిందని సంబరపడకండి. చూపులకి అదీ పెట్టే, ఇదీ పెట్టే. పొగ విషయంలో రెండింటికీ పొంతనే లేదు. చాలా ఊళ్లలో పర్మిట్ కూడా రాదు.

సామర్థ్యం అంకె చూసేటప్పుడు ఒక చిన్న కిటుకు తెలిసుండాలి. కరపత్రంలో వేసే శాతం, ఈపీఏ జాబితాలో ఉండే శాతం ఒక్కోసారి వేరుగా ఉంటాయి. కట్టెలోని తేమ ఆవిరై పోవడానికి ఖర్చయ్యే వేడిని ఒక పద్ధతి లెక్కలోకి తీసుకుంటుంది, ఇంకోటి వదిలేస్తుంది. వదిలేసిన పద్ధతిలో అంకె కొన్ని పాయింట్లు పెద్దగా కనిపిస్తుంది. రెండు కంపెనీల సరుకు పోల్చాలంటే రెండింటినీ ఈపీఏ జాబితాలోనే చూడండి.

అసలు లెక్క గొట్టంలో ఉంది

ముందుగా తేల్చుకోవాల్సింది మీ ఇంట్లో ఉన్నది నిజంగా ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేసా, ఫ్యాక్టరీలో చేసి తెచ్చి గోడలో బిగించిన రేకు పెట్టెనా అన్నది. 1980ల తర్వాత కట్టిన సబర్బన్ ఇళ్లలో చాలావాటిలో ఉన్నది రెండోదే. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో ముందు రాయి తాపడం చేసి గంభీరంగా కనిపిస్తుంది, లోపల మాత్రం రేకు. తెలుసుకోవడం సులువే. పొయ్యి లోపలి గోడలు ఇటుక అచ్చు గుద్దిన పలకల్లా ఉన్నా, నోటి పై అంచులో లోహపు చీలికలు కనిపించినా, కప్పు మీద ఇటుక స్తంభానికి బదులు సైడింగ్ కొట్టిన చెక్క గూడులోంచి గుండ్రటి రేకు గొట్టం బయటికొచ్చినా అది ఫ్యాక్టరీ సరుకే.

తేడా ఎందుకంటే, ఈ రేకు ఫైర్‌ప్లేస్‌ల చుట్టూ అంగుళాల దూరంలోనే చెక్క ఫ్రేము ఉంటుంది. చాలా మోడళ్లు తమ గోడల మధ్య ఖాళీలో గాలి ఆడటం వల్లే ఆ చెక్కని చల్లగా ఉంచుతాయి. అందులో వాటంగా పడుతుంది కదా అని ఏదో ఒక ఇన్సర్ట్ తోసేసి ఆ గాలి దారులు మూసేస్తే, లోపల వేడి పెరిగి వెనకున్న చెక్క ఏళ్ల తరబడి ఎండి ఎండి ఒకరోజు అంటుకుంటుంది. ఫ్యాక్టరీ ఫైర్‌ప్లేస్‌లో పెట్టడానికి పరీక్షించి అనుమతించిన ఇన్సర్ట్ అయితేనే పెట్టాలి. ఆ సంగతి దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. లేకపోతే పాత పెట్టెని మొత్తం పీకి కొత్తది వేయించుకోవాల్సిందే. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ బేరం ఆడటానికి ఏమీ లేదు.

ఇటుక చిమ్నీ ఉన్నవాళ్ల కథ వేరు. పాత చిమ్నీలో మట్టి పలకల గొట్టం ఉంటుంది. 12 అంగుళాల చదరం అని పిలిచే దాని లోపలి ఖాళీ సుమారు 100 చదరపు అంగుళాలు. అది తెరిచిన మంటకి సరిపడేలా కట్టింది. కట్టెల ఇన్సర్ట్ పొగ బయటికొచ్చే రంధ్రం మామూలుగా 6 అంగుళాల గుండ్రం, అంటే 28 చదరపు అంగుళాలు. ఇన్సర్ట్ వేడిని గదికి ఇచ్చేస్తుంది కాబట్టి దాని పొగ ముందే చల్లగా, తక్కువగా వస్తుంది. అలాంటి పొగని మూడున్నర రెట్లు పెద్ద గొట్టంలోకి వదిలితే నెమ్మదించి, ఇంకా చల్లారి, అందులోని తారు గోడలకి పట్టేస్తుంది. క్రియోసోట్ అనేది దీన్నే. మొదట మసిలా దులిపితే రాలుతుంది, తర్వాత పెచ్చులు కడుతుంది, చివరికి లక్కలా గట్టిపడుతుంది. ఆ దశకి వస్తే బ్రష్‌కి లొంగదు. ఒక్క నిప్పురవ్వ చాలు, గొట్టం లోపలే మంట లేస్తుంది. ఆ మంట 2,000 డిగ్రీలు దాటగలదు. మట్టి పలకలు పగులుతాయి, పగుళ్లలోంచి వేడి అటకలోని చెక్కకి చేరుతుంది.

1970లు, 80లలో చమురు ధరలు మండిపోయినప్పుడు అమెరికన్లు లక్షలాదిగా ఇన్సర్ట్‌లు కొని, చిమ్నీ లోపల దింపే లైనర్ అనే గొట్టం లేకుండా నేరుగా ఫైర్‌ప్లేస్‌లోకి తోసేశారు. చిమ్నీ పనివాళ్లు వాటిని ఇప్పటికీ ‘స్లామర్’ అని పిలుస్తారు. మీరు కొన్న ఇంట్లో పాత ఇన్సర్ట్ ఇప్పటికే ఉంటే, ఒక్క కట్టె కూడా వేయకముందు అది స్లామరో కాదో చూపించుకోండి.

దీనికి మందు స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్. ఇన్సర్ట్ నెత్తి నుంచి చిమ్నీ కొస దాకా ఒకే తునక గొట్టం. కట్టెలకి 316 రకం స్టీలు వాడతారు. చుట్టూ ఉష్ణనిరోధక దుప్పటి చుడితే ఇంకా మంచిది, చిమ్నీ ఇంటి బయటి గోడకి అంటుకుని ఉంటే అది తప్పనిసరి అనే అంటాను. బయటి చిమ్నీకి మూడు వైపులా చలిగాలే, పొగ సగం దారిలోనే చల్లారిపోతుంది. పొద్దున వెలిగించగానే పొగ గదిలోకి తన్నుకొచ్చేది కూడా ఎక్కువగా ఇలాంటి చిమ్నీల్లోనే. లోపల పేరుకున్న చల్లగాలి బరువుగా కిందికి దిగుతుంటుంది. ఎత్తు కూడా ముఖ్యమే. చిమ్నీ కప్పుని దాటి వచ్చే చోట నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు పైకి ఉండాలని నియమం.

కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది ఒకటుంది. లైనర్ పాత డ్యాంపర్ (పొగ దారిని తెరిచి మూసే ఇనప మూత) గుండా వెళ్లే చోట చుట్టూ పెద్ద సందు మిగులుతుంది. అక్కడ రేకు పలక అడ్డం పెట్టి, పైన రాతి ఉన్ని కుక్కితే ఇన్సర్ట్ వేడి చిమ్నీలోకి పోకుండా గదిలోకే వస్తుంది. బ్లాక్-ఆఫ్ ప్లేట్ అంటారు దీన్ని. పెద్ద ఖర్చేమీ కాదు, ఇరుకులో చేయి పెట్టి చేయాల్సిన చిరాకు పని. అందుకే ‘మీకది అక్కర్లేదు సార్’ అంటారు. బయటి గోడ చిమ్నీకి ఇది లేకపోతే మీరు ఇటుకలనీ వీధినీ వేడి చేస్తున్నట్టే. కొటేషన్‌లో ఆ పేరు రాయించుకోండి.

ఇవన్నీ తెలియాలంటే చిమ్నీలోకి కెమెరా పంపి చూడాలి. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 అనే ప్రమాణం మూడు స్థాయుల తనిఖీ చెబుతుంది. పరికరం మార్చినా, ఇంధనం మార్చినా, ఇల్లు చేతులు మారినా రెండో స్థాయి తనిఖీ జరగాలి. ఇల్లు కొనేటప్పుడు వచ్చే హోమ్ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చూసింది ఇందులోకి రాదు. వరస కూడా తిరగేయకండి. ముందు చిమ్నీ చూపించుకుని, తర్వాతే షోరూముకి వెళ్లండి.

గ్యాస్, పెల్లెట్, కరెంటు

ఇంట్లో గ్యాస్ లైను ఉన్నవాళ్లకి మూడు రకాలు చూపిస్తారు, మూడూ చూడ్డానికి ఒకేలా మండుతాయి. ఒకటి గ్యాస్ లాగ్స్, పాత ఫైర్‌ప్లేస్‌లోనే పెట్టే కృత్రిమ దుంగలు. ఇవి అలంకారం. పైగా గ్యాస్ లీకైనా విషవాయువు పుట్టినా బయటికి పోవాలని డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా క్లిప్పు బిగిస్తారు. అంటే వెలిగించని రోజుల్లో కూడా మీ ఇంటికి చిల్లు తెరిచే ఉంటుంది.

రెండోది వెంట్-ఫ్రీ, అసలు గొట్టమే ఉండదు. వేడి ఎక్కడికీ పోదు కాబట్టి 99 శాతం సామర్థ్యం అని రాస్తారు. అబద్ధం కాదు. కాకపోతే ఎక్కడికీ పోనిది వేడి ఒక్కటే కాదు. నైట్రోజన్ డయాక్సైడ్ మీ గదిలోనే ఉంటుంది, నీటి ఆవిరీ ఉంటుంది. ఒక థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) గ్యాస్ కాలితే సుమారు ఒక గాలన్ నీరు ఆవిరిగా తయారవుతుంది. చలికాలం కిటికీ అద్దాల మీద కారే నీళ్లు అవే. కాలిఫోర్నియాలో ఇళ్లలో వీటిని నిషేధించారు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో నేనైతే వీటి గురించి ఆలోచించను కూడా.

మూడోది డైరెక్ట్-వెంట్ ఇన్సర్ట్. గాజు పూర్తిగా సీలు చేసి ఉంటుంది. చిమ్నీలో రెండు సన్నని గొట్టాలు దింపుతారు. ఒకదాంట్లోంచి బయటి గాలి మంటకి వస్తుంది, ఇంకోదాంట్లోంచి పొగ పోతుంది. గదిలోని గాలితో దానికి సంబంధమే లేదు. 65 నుంచి 80 శాతం దాకా సామర్థ్యం. మన ఇళ్లలో ఎక్కువమందికి సరిపడేది ఇదేనని నా ఉద్దేశం. గాజు మాత్రం విపరీతంగా కాలుతుంది. 2015 నుంచి తయారైన వాటికి ముందు జాలీ తప్పనిసరి చేశారు. మంట బాగా కనబడటం లేదని ఆ జాలీ తీసి గ్యారేజీలో పడేసేవాళ్లున్నారు. పాకే పిల్లలున్న ఇంట్లో అది చేయకండి.

పెల్లెట్ అంటే రంపపుపొట్టుని నొక్కి చేసిన గుళికలు. ఒక మర అవి కొద్దికొద్దిగా మంటలోకి తోస్తుంటుంది. థర్మోస్టాట్‌తో నడుస్తుంది, పొగ తక్కువ. బదులుగా శబ్దం, వారం వారం బూడిద తీయడం, 40 పౌండ్ల సంచులు మోయడం ఉంటాయి.

కరెంటు ఇన్సర్ట్‌ల మీద ఒక్క మాట. 1,500 వాట్లది ఏదైనా గంటకి 5,118 బీటీయూలే (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఇస్తుంది. 40 డాలర్ల హీటరైనా, 1,800 డాలర్ల ఎల్‌ఈడీ మంటలదైనా అంతే. మిగిలిన 1,760 డాలర్లూ బొమ్మకి కట్టినట్టు.

ఇక డబ్బు. ధరలు ఊరూరికీ మారతాయి కాబట్టి కింది అంకెలు ఉదాహరణలే అనుకుని, మీ బిల్లులోవి వేసుకోండి. పది లక్షల బీటీయూల వేడి గదిలోకి చేరడానికి ఎంతవుతుందో చూద్దాం. కార్డ్ కట్టెలు, అంటే 128 ఘనపుటడుగుల పేర్పు, 350 డాలర్లనుకుందాం. అందులో సుమారు 2 కోట్ల బీటీయూలుంటాయి. తెరిచిన ఫైర్‌ప్లేస్‌లో పదో వంతే దక్కితే 175 డాలర్లవుతుంది. 70 శాతం ఇన్సర్ట్‌లో అయితే 25. పెల్లెట్లు టన్ను 350 అయితే 29 దాకా. గ్యాస్ థర్మ్ డాలరున్నర అయితే 75 శాతం ఇన్సర్ట్‌లో 20. ప్రొపేన్ గాలన్ 3 డాలర్లయితే 44. మామూలు కరెంటు హీటర్‌కి యూనిట్ 17 సెంట్ల లెక్కన 50. అదే కరెంటుతో, ఒక యూనిట్‌కి మూడు యూనిట్ల వేడి లాగే హీట్ పంప్ అయితే 17.

ఈ లెక్క షోరూములో ఎవరూ పూర్తిగా చెప్పరు. మీ ఇంట్లో 95 శాతం గ్యాస్ ఫర్నేస్ ఇప్పటికే ఉంటే, అదే గ్యాస్‌తో అది 16 డాలర్లకే ఆ వేడి ఇస్తోంది. గ్యాస్ ఇన్సర్ట్ దాన్ని ఓడించలేదు. మీరు కూర్చునే ఒక్క గదినే వేడిగా ఉంచి మిగతా ఇల్లు చల్లగా వదిలేస్తే తప్ప ఆదా ఉండదు. చాలా ఇళ్లలో నిజమైన ఆదా వచ్చేది పాత చిల్లు మూసుకుపోవడం వల్ల. అదొక్కటే కావాలంటే ఇన్సర్ట్ కూడా అక్కర్లేదు. పోత ఇనప డ్యాంపర్ ఏళ్ల వేడికి వంకర తిరిగి, మూసినా గాలి పోనిస్తూనే ఉంటుంది. దాని బదులు చిమ్నీ కొసన రబ్బరు అంచుతో బిగిసే మూత పెట్టించుకోవచ్చు. ఇంకా చవకగా కావాలంటే గొట్టంలో గాలి నింపిన బుడగ ఇరికించి, దానికి ఎర్ర దారమో బోర్డో వేలాడదీయొచ్చు. ఆ గుర్తు లేకుండా రెండేళ్ల తర్వాత ఎవరో చుట్టం వచ్చి మంట పెడితే ఇల్లంతా పొగే. ఇన్సర్ట్‌కి పెట్టే డబ్బు పోగేసి గదికో హీట్ పంప్ యూనిట్ పెట్టించుకుంటే వేసవిలో చల్లదనం కూడా దక్కుతుంది.

మన వంటింటి ఎగ్జాస్టు

ఇది అమెరికన్ గైడ్లలో అంతగా కనిపించదు, మనకి మాత్రం బాగా వర్తిస్తుంది. పోపు ఘాటు, చేపల వేపుడు వాసన ఇంట్లో నిలవకూడదని మనవాళ్లు వంటింట్లో 900, 1,200 సీఎఫ్‌ఎం హుడ్లు పెట్టిస్తారు. సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో. పైన చెప్పిన 24,000 లెక్క నిమిషానికి 400. మీ హుడ్ ఆ ఫైర్‌ప్లేస్ కంటే రెండు మూడు రెట్లు బలంగా లాగుతోంది. బిగువుగా కట్టిన ఇంట్లో అంత గాలి ఎక్కడ నుంచి రావాలి? ఇంటికున్న అతి పెద్ద రంధ్రంలోంచే, అంటే చిమ్నీలోంచి. పొగ వెనక్కి తిరుగుతుంది. అందులో కంటికి కనబడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పైకి పోగలిగేంత బలం లేని చివరి నిప్పుల దశలో ఇంకా ప్రమాదం.

అందుకే చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల నిర్మాణ నియమావళి 400 సీఎఫ్‌ఎం దాటిన హుడ్లకి, సీలు చేయని పొయ్యో, బాయిలరో ఇంట్లో ఉంటే, బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు ఉండాలంటుంది. రీమోడలింగ్‌లో హుడ్ మార్చినవాళ్లు దీన్ని తరచూ దాటేస్తారు. బలమైన హుడ్ ఉన్న ఇంట్లో కట్టెల ఇన్సర్ట్ పెడుతుంటే బయటి గాలి నేరుగా మంటకి అందే కిట్ ఉందేమో అడగండి. డైరెక్ట్-వెంట్ గ్యాస్‌కి ఈ బెడద ఉండదు. ఏది పెట్టినా పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

కరెంటు పోతే

2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపానులో 45 లక్షలకు పైగా ఇళ్లకి, వ్యాపారాలకి కరెంటు పోయింది. కార్లు గ్యారేజీలో స్టార్ట్ చేసి, బొగ్గు గ్రిల్లులు ఇంట్లోకి తెచ్చి వేడి చేసుకోబోయి మనుషులు చనిపోయారు. ఆ వారం తర్వాత డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు ఫైర్‌ప్లేస్‌ని చూసే చూపే మారింది. కాబట్టి ఈ ప్రశ్న అడిగి తీరాలి: కరెంటు లేకపోతే ఇది నడుస్తుందా?

హీట్ పంప్ నడవదు. పెల్లెట్ స్టవ్ బ్యాటరీ ఉంటే తప్ప నడవదు. గ్యాస్ ఫర్నేస్ కూడా ఫ్యాను తిరగక ఆగిపోతుంది. కట్టెల ఇన్సర్ట్ నడుస్తుంది కానీ ఫ్యాను ఆగాక వేడి బాగా తగ్గుతుంది. ముందుకి కాస్త పొడుచుకు వచ్చే మోడలైతే కొంత నయం. గ్యాస్ ఇన్సర్ట్‌లో రెండు రకాలున్నాయి. పైలట్ మంట (పెద్ద మంటని అంటించే చిన్న మంట) ఎప్పుడూ వెలిగే పాత పద్ధతిలో, ఆ మంట వేడి నుంచే వాల్వ్ తెరుచుకోవడానికి చాలినంత కరెంటు పుడుతుంది, బయటి కరెంటుతో పని లేదు. అవసరమైనప్పుడే పైలట్ వెలిగే కొత్త పద్ధతిలో గ్యాస్ ఆదా అవుతుంది, కానీ మామూలు బ్యాటరీలు వేసే పెట్టె ఉందో లేదో చూసుకోవాలి. ఆ పెట్టె ఎక్కడుందో చలికాలం ముందే తెలుసుకోండి. చీకట్లో ఫోన్ లైటుతో మాన్యువల్ వెతికే పని ఉండదు.

పెద్దది మంచిది కాదు

‘60,000 బీటీయూ’ అని చెప్పి పెద్ద మోడల్ అంటగట్టబోతారు. కట్టెల ఇన్సర్ట్ పెద్దదైతే గది ఉడికిపోతుంది, మీరు గాలి మీట మూసేస్తారు, మంట కునుకుతుంది, పొగ పెరుగుతుంది, మళ్లీ క్రియోసోట్. చిన్న పెట్టె జోరుగా మండటం మేలు. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఇరవై ముప్పై డాలర్లకి తేమ మీటర్ దొరుకుతుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి, బయట గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది. ఓక్ లాంటివి చీల్చి పేర్చాక రెండేళ్లు పట్టొచ్చు. ‘సీజన్డ్’ అని అమ్మేవాడి మాట కంటే మీటర్ మాట నమ్మండి.

ఇంకో చిక్కు ఇన్సర్ట్ పెట్టాకే బయటపడుతుంది. ఫర్నేస్ థర్మోస్టాట్ చాలా ఇళ్లలో ఫ్యామిలీ రూమ్ పక్కనే ఉంటుంది. ఇన్సర్ట్ ఆ గదిని 74కి తెస్తే ఫర్నేస్ ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని ఆగిపోతుంది. మేడ మీద పిల్లల గది 60కి పడిపోతుంది. ఫర్నేస్ ఫ్యాన్‌ని విడిగా తిప్పడమో, పడగ్గదిలో రిమోట్ సెన్సర్ పెట్టి రాత్రిపూట దాని మాట వినమని థర్మోస్టాట్‌కి చెప్పడమో చేయాలి.

సియాటిల్ వైపు కట్టెలు కాల్చాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గాలి కదలని చలిరోజుల్లో అక్కడ కట్టెలు కాల్చడం మీద నిషేధం పెడతారు. మొదటి దశలో తెరిచిన ఫైర్‌ప్లేస్‌లు వెలిగించకూడదు, ధ్రువీకరించిన ఇన్సర్ట్‌లు వెలిగించొచ్చు. రెండో దశలో అవీ వద్దు. వేరే వేడి దారి లేని ఇళ్లకే మినహాయింపు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబరు నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెల పొయ్యిలే పెట్టనివ్వడం లేదు. ఇంగ్లండ్‌లో పాత విక్టోరియన్ ఇల్లు కొన్నవాళ్లకి కూడా ఇలాంటిదే. 1952 లండన్ పొగమంచు తర్వాత వచ్చిన 1956 చట్టం నాటి నుంచి పొగ నియంత్రణ ప్రాంతాలున్నాయి, వాటిలో అనుమతి పొందిన స్టవ్‌లోనే కట్టెలు కాల్చాలి.

ఇన్సర్ట్, లైనర్, కూలి కలిపి చాలాచోట్ల నాలుగైదు వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, పదివేలు దాటడమూ మామూలే. సిటీ పర్మిట్ తీసుకోండి. కట్టెలదైతే ఇంటి బీమా కంపెనీకి రాసి పంపండి. చెప్పకుండా పెట్టిన స్టవ్ వల్ల నష్టం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది. ఎవరైనా ఇంకా ‘30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వస్తుంది’ అని చెబుతుంటే ఆగండి. 75 శాతం సామర్థ్యం దాటిన కట్టెల, పెల్లెట్ స్టవ్‌లకి 2,000 డాలర్ల దాకా ఉండిన ఆ రాయితీ, 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2025 డిసెంబరు 31 తర్వాత బిగించిన వాటికి వర్తించదు. రాష్ట్రమో కరెంటు కంపెనీయో ఇచ్చే రిబేట్లు వేరు. అవి ఉన్నాయో లేదో మీ జిప్ కోడ్‌తో చూసుకోవాలి.

చిమ్నీ వాళ్లు అక్టోబరు నుంచి జనవరి దాకా దొరకరు. ఏప్రిల్, మే నెలల్లో పిలిస్తే తీరిగ్గా కెమెరా దింపి చూపిస్తారు, ఆ వీడియో అడిగి తీసుకోండి. వేరే ఇద్దరి దగ్గర కొటేషన్ అడిగేటప్పుడు అది చూపిస్తే, లైనర్ ఎంత పొడుగు, దుప్పటి కావాలా వద్దా అన్న దగ్గర ఎవరూ గాల్లో అంకెలు వేయలేరు.